తేమకు దెబ్బతిన్న ద్వారబంధాల మరమ్మతు

ద్వారబంధాల మరమ్మతు అనగా వాన నీరు, నేల చెమ్మ, కడుగు నీరు మొదలైన వాటి వలన కుళ్ళిన, ఉబ్బిన లేదా పగిలిన తలుపు చట్రాలను, కిటికీ చట్రాలను, వాటి చుట్టూ గోడ అంచున బిగించే చెక్క పట్టీలను తిరిగి బాగుచేసే వడ్రంగి పని. ఇది ప్రధానంగా కొయ్యపనే అయినప్పటికీ, గోడ, సజ్జ, నేల వాలు, రంగు కూడా దీనితో ముడిపడి ఉంటాయి. కాబట్టి వడ్రంగితో పాటు తాపీ మేస్త్రి, రంగులవారి పని కూడా ఇందులో కలిసి ఉంటుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని ఇళ్ళలో కొయ్య ద్వారబంధం సాధారణంగా అడుగు భాగంలోనే మొదట చెడిపోతుంది. నిలువు కొయ్యల పాదాలు, గడప చివరలు, కిటికీ అడుగు కొయ్య కుళ్ళినపుడు కూడా పైనున్న కొయ్య చాలావరకు గట్టిగానే ఉంటుంది. అందుచేత చెడిన భాగాన్ని మాత్రమే కోసివేసి, ఆ మేరకు కొత్త కొయ్యను అతికి ద్వారబంధాన్ని నిలుపుకోవచ్చును. అయితే నీరు వచ్చే దారిని కనిపెట్టి మూయకుండా చేసిన మరమ్మతు, అది ఎంత నేర్పుగా చేసినదైనా, కొన్ని వానాకాలాలకు మించి నిలవదు.

భాగాలు, పేర్లు

గోడలో తలుపును పట్టి ఉంచే చట్రాన్ని కోస్తా జిల్లాలలో ద్వారబంధం, గుమ్మం అనీ, తెలంగాణలో దర్వాజ అనీ అంటారు. వడ్రంగుల వాడుకలో చౌకట్టు, ఫ్రేము అనే మాటలు కూడా ఉన్నాయి. ఇందులో రెండు నిలువు కొయ్యలు, ఒక పై కొయ్య, అడుగున గడప ఉంటాయి. గడపను తెలంగాణలో కడప అని కూడా అంటారు. ఇటీవలి ఇళ్ళలో వీధి గుమ్మానికి తప్ప లోపలి గదుల ద్వారబంధాలకు గడప పెట్టడం తగ్గింది. గడప లేనిచోట నిలువు కొయ్యల పాదాలు నేరుగా నేలలో దిగి ఉంటాయి.

ఒక కొయ్య చివరను నాలుక వలె చెక్కిన భాగాన్ని కుసి అంటారు. ఆ కుసిని రెండవ కొయ్యలోని బెజ్జంలో దిగగొట్టి మూలలను కలుపుతారు. చట్రాన్ని గోడకు పట్టి ఉంచడానికి హోల్డ్‌ఫాస్టులు అనే ఇనుప పట్టీలను బిగించి గోడలో పూడుస్తారు. చట్రానికి, గోడ పూతకు మధ్య కనబడే సందును కప్పుతూ కొట్టే సన్నని చెక్క పట్టీని బీడింగు అంటారు. తలుపు రెక్కలు బందుల మీద తిరుగుతాయి. వాన నుండి, ఎండ నుండి కాపాడటానికి తలుపు, కిటికీల పైన గోడ నుండి ముందుకు పొడిగించిన పలకను సజ్జ అంటారు.

తేమ చేరే మార్గాలు

కొయ్య అన్ని వైపుల నుండి ఒకే వేగంతో నీటిని పీల్చదు. చెట్టు నిలువునా ఉన్న నాళాలు అడ్డంగా కోసిన ముఖం వద్ద తెరుచుకొని ఉంటాయి. కాబట్టి కోత ముఖం పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీలుస్తుంది. నిలువు కొయ్యల పాదాలు, గడప చివరలు, కిటికీ మూలల కుసులు అన్నీ కోత ముఖాలే. కుళ్ళు అక్కడే మొదలు కావడానికి ఇది ముఖ్య కారణం.

తెలుగు ప్రాంతాలలో సాధారణంగా కనిపించే నీటి దారులు ఇవి:

* నిలువు కొయ్య పాదం సిమెంటు గచ్చులో లేదా మట్టి నేలలో పూడి ఉండటం. పునాది మీద తేమ నిరోధక పొర లేని పాత ఇళ్ళలో నేల చెమ్మ గోడ ద్వారా కూడా పైకి ఎక్కుతుంది.
* వాకిలి కడిగిన నీరు, కల్లాపి నీరు గడప వద్ద నిలవడం. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే ఆచారం వలన కొయ్యకు హాని లేదు. రోజూ పోసే నీరు గడప చివరలలో ఆరకుండా ఉండటమే హాని చేస్తుంది.
* సజ్జ లేకపోవడం, లేదా సజ్జ అంచు అడుగున గాడి లేకపోవడం. గాడి లేని సజ్జ నుండి నీరు నేరుగా కింద పడక, అడుగు ముఖాన్ని అంటుకొని గోడ వైపు పారి కిటికీ పై కొయ్యను చేరుతుంది.
* కిటికీ అడుగు పలక లోపలి వైపుకు వాలి ఉండటం.
* గోడ పూతకు, చట్రానికి మధ్య ఏర్పడిన సన్నని చీలిక. కొయ్య ఎండాకాలంలో కుంచించుకొని వానాకాలంలో ఉబ్బుతుంది. సిమెంటు పూత ఆ మేరకు కదలదు కాబట్టి ఈ చీలిక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఏర్పడుతుంది.
* కిటికీలో అమర్చిన ఎయిర్ కూలరు, ఏసీ గొట్టం నుండి కారే నీరు. ఇది వాన లేని వేసవిలో కూడా కొయ్యను తడిపి ఉంచుతుంది.
* స్నానాల గది తలుపు అడుగు భాగం.

తెలంగాణలో వర్షం ఎక్కువగా జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. కోస్తా ఆంధ్రలో, రాయలసీమ దక్షిణ భాగంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన కూడా వానలు పడతాయి. కాబట్టి అక్కడ కొయ్య ఆరడానికి దొరికే కాలం తక్కువ. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుఫానులలో గాలి వాన జల్లును అడ్డంగా కొడుతుంది. అప్పుడు సజ్జ ఉన్న కిటికీ కూడా పూర్తిగా తడుస్తుంది. సముద్ర తీరంలోని ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పు పట్టి, వాటి చుట్టూ కొయ్య నల్లబడి పట్టు కోల్పోతుంది.

కొయ్య కుళ్ళే విధానం

కొయ్య కుళ్ళడం శిలీంధ్రాల పని. వాటి సిద్ధబీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. అవి మొలకెత్తి పెరగడానికి ఆహారం, గాలి, తగిన వెచ్చదనం, తేమ కావాలి. కొయ్యే వాటి ఆహారం. తెలుగు ప్రాంతాల ఉష్ణోగ్రత ఏడాదిలో ఎక్కువ కాలం వాటికి అనుకూలంగానే ఉంటుంది. నీటిలో పూర్తిగా మునిగి ఉన్న కొయ్య గాలి అందక ఏళ్ళ తరబడి చెడకుండా ఉండగలదు గాని, ఇంటి గుమ్మానికి గాలి అందకుండా చేయడం సాధ్యం కాదు. కాబట్టి ఇంటివారి చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

కొయ్యలోని నీటి బరువును, పూర్తిగా ఎండిన కొయ్య బరువుతో పోల్చి తేమ శాతంగా చెబుతారు. బాగా ఆరిన కలపలో ఇది సాధారణంగా 10 నుండి 15 శాతం వరకు ఉంటుంది. 20 శాతం లోపు ఉన్నంతవరకు కుళ్ళు పట్టదు. సుమారు 28 నుండి 30 శాతం వద్ద కొయ్య పీచు గోడలు నీటితో పూర్తిగా నిండుతాయి. ఆ స్థాయి దాటి తేమ కొంతకాలం నిలిచినపుడు శిలీంధ్రాలు చురుకుగా పెరుగుతాయి. ఒక్క వానకు తడిసి మరునాడు ఆరిపోయే కొయ్యకు ప్రమాదం తక్కువ. నీరు లోపల చేరి బయటికి పోలేని కొయ్యకే ప్రమాదం ఎక్కువ.

గోధుమ కుళ్ళు పట్టిన కొయ్య ముదురు రంగుకు మారి, నిలువుగా, అడ్డంగా పగిలి చిన్న చిన్న దిమ్మెలుగా విడిపోతుంది. తెల్ల కుళ్ళు పట్టిన కొయ్య పాలిపోయి పీచు పీచుగా, మెత్తగా అవుతుంది. గోధుమ కుళ్ళులో కొయ్య బరువు కొద్దిగా తగ్గేసరికే బలం చాలావరకు పోతుంది. అందువలన పైకి బాగున్నట్లు కనిపించే కొయ్యను కూడా పొడిచి చూడాలి.

చెదలు, పుచ్చు పురుగులు కలిగించే నష్టం వేరు. చెదలు నేల నుండి మట్టి గొట్టాలు కట్టుకొని పైకి వస్తాయి. అవి తిన్న కొయ్య లోపల మట్టి కనిపిస్తుంది, పై పొర మాత్రం కాగితంలా మిగులుతుంది. పుచ్చు పురుగులు ఎండిన కొయ్యలో కూడా ఉంటాయి. చిన్న గుండ్రని రంధ్రాలు, వాటి కింద రాలిన పిండి వంటి పొడి వీటి గుర్తులు. తడిసి మెత్తబడిన కొయ్యను చెదలు సులభంగా తినగలవు కాబట్టి కుళ్ళు, చెద ఒకేచోట కనిపించడం సామాన్యం. చెద ఉన్నచోట ముందుగా దానికి చికిత్స చేయకుండా కొత్త కొయ్యను అతకడం వ్యర్థం. కట్టి ఉన్న ఇళ్ళలో చెద నివారణకు పాటించవలసిన పద్ధతులను భారత ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడవ భాగం వివరిస్తుంది.

నష్టాన్ని పరీక్షించడం

పరీక్షకు ఒక సన్నని స్క్రూడ్రైవరు లేదా ఆరె, ఒక సుత్తి చాలును. రంగు పొర ఉబ్బిన చోట, ముడతలు పడిన చోట, అతుకుల వద్ద, నేలకు 1 అడుగు ఎత్తు వరకు అన్ని ముఖాలలోనూ పొడిచి చూడాలి. గట్టి కొయ్యలో మొన దిగదు. కుళ్ళిన కొయ్యలో బెండులోకి దిగినట్లు దిగుతుంది. సుత్తి పిడితో తట్టినపుడు గట్టి కొయ్య ఖంగుమంటుంది, చెడిన కొయ్య బోలుగా పలుకుతుంది.

ఇంకొక పరీక్ష పేడు తీసి చూడటం. మొనను కొయ్య పీచు వెంబడి దించి పైకి లేపితే గట్టి కొయ్య నుండి పొడవైన పేడు చిట్లుతూ లేస్తుంది. కుళ్ళు మొదలైన కొయ్య నుండి పొట్టి ముక్క ఎటువంటి చప్పుడూ లేకుండా పుటుక్కున విరుగుతుంది. కంటికి కనబడని తొలి దశ కుళ్ళును కూడా ఈ పరీక్ష పట్టి ఇస్తుంది. రెండు సూదులు గల తేమ మాపకం దొరికితే తేమ శాతాన్ని నేరుగా కొలవవచ్చును.

పరీక్షలో రెండు హద్దులను సుద్దతో గీసుకోవాలి. మొదటిది కుళ్ళు కనబడుతున్న హద్దు. రెండవది దాని పైన కొయ్య గట్టిగా ఉన్నట్లు రుజువైన హద్దు. కోత రెండవ హద్దు వద్ద పడాలి.

తరచుగా జరిగే తప్పు మరమ్మతులు

కుళ్ళిన పాదాన్ని తొలిచి ఆ తొర్రలో సిమెంటు మాలు కూరడం విస్తారంగా కనిపించే పద్ధతి. సిమెంటు కొయ్యను అంటిపెట్టుకోదు. మొదటి వేసవిలో కొయ్య కుంచించుకోగానే రెండింటి మధ్య సందు ఏర్పడి, తరువాతి వానకు ఆ సందులో నీరు నిలుస్తుంది. పైగా సిమెంటు తానే చెమ్మను పీల్చి కొయ్యకు అందిస్తుంది. ఫలితంగా కుళ్ళు సిమెంటుకు పైన ఉన్న మంచి కొయ్యలోకి పాకుతుంది.

చెడిన పాదానికి రేకు చుట్టి మేకులు కొట్టడం రెండవది. రేకు వెనుకకు చేరిన నీరు ఆరడానికి దారి ఉండదు, మేకు రంధ్రాలు కొత్త దారులవుతాయి. తడి కొయ్య మీదనే లప్పం పెట్టి ఎనామిల్ రంగు వేయడం మూడవది. ఈ మూడూ కుళ్ళును కంటికి కనబడకుండా చేస్తాయి. నష్టం మళ్ళీ బయటపడే నాటికి అంగుళాలలో ఉన్న కుళ్ళు అడుగులకు చేరి, అతుకుతో పోయే పని మొత్తం ద్వారబంధాన్ని మార్చే పని అవుతుంది.

వానాకాలంలో బిగుసుకొన్న తలుపును వెంటనే చిత్రిక పట్టడం కూడా మంచిది కాదు. చిత్రిక పట్టిన అంచు రంగు లేకుండా మిగిలి ఇంకా ఎక్కువ తేమను పీలుస్తుంది. వేసవి వచ్చాక ఆ తలుపు సందు వదులుతుంది. కొయ్య ఆరిన తరువాత కూడా బిగువు తగ్గకపోతేనే చిత్రిక పట్టి, ఆ అంచుకు తప్పక రంగు వేయాలి.

మరమ్మతు పద్ధతులు

పద్ధతిని నష్టం లోతును బట్టి ఎంచుకోవాలి. ఏ పద్ధతికైనా ముందు నీటి దారిని ఆపడం, తరువాత కొయ్యను ఆరనివ్వడం తప్పనిసరి. మూడు అంగుళాల మందపు కొయ్య ఒకటి రెండు రోజులలో ఆరదు, వారాలు పడుతుంది. రంగు పొరను గీకివేస్తే త్వరగా ఆరుతుంది. సంక్రాంతి తరువాత నుండి మే నెల వరకు ఈ పనికి అనువైన కాలం.

పైపై నష్టం

కొయ్య గట్టిగా ఉండి, రంగు మాత్రమే లేచిపోయి, ముఖం బీటలు వారి ఉన్నపుడు పాత రంగును తీసి, గరుకు కాగితంతో రుద్ది, బీటలలో లప్పం నింపి తిరిగి రంగు వేస్తే చాలును. కుళ్ళు చిన్న గుంట మేరకే ఉంటే, మెత్తని కొయ్యనంతా ఉలితో తొలగించి, ఆరిన తరువాత ఎపాక్సీ పూరకాన్ని నింపవచ్చును. ఎపాక్సీ కొయ్యను గట్టిగా పట్టుకుంటుంది, ఆరిన తరువాత ఉలికి, చిత్రికకు లొంగుతుంది. కాని ఎండకు క్షీణిస్తుంది కాబట్టి పైన రంగు తప్పనిసరి. తడి కొయ్యలో నింపిన ఎపాక్సీ లోపలి తేమను బంధిస్తుంది.

పాదానికి అతుకు

నిలువు కొయ్య అడుగు భాగం లోతుగా కుళ్ళినపుడు చేసే ముఖ్యమైన మరమ్మతు ఇది. పని క్రమం ఇలా ఉంటుంది:

1. తలుపు రెక్కను బందుల నుండి విప్పి పక్కన పెట్టాలి. పై కొయ్య మీద గోడ బరువు ఉన్నదో లేదో చూడాలి. సిమెంటు కాంక్రీటు లింటెలు ఉన్న ఇళ్ళలో బరువు లింటెలు మీదనే ఉంటుంది. కొన్ని పాత మట్టి గోడల ఇళ్ళలో కొంత బరువు చట్రం మీద పడుతుంది. అటువంటి చోట ఆనుడు కర్రలు పెట్టిన తరువాతనే కోత మొదలుపెట్టాలి.
2. పాదం చుట్టూ ఉన్న గచ్చును, పూతను జాగ్రత్తగా తొలగించాలి.
3. గట్టి కొయ్య రుజువైన హద్దు వద్ద కోయాలి. అడ్డంగా తిన్నగా కోసి ముక్కను కింద నిలబెడితే అతుకుకు బలం ఉండదు. పాత కొయ్యలో సగం మందం, కొత్త కొయ్యలో సగం మందం తీసి ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టాలి. ఈ కలయిక పొడవు కొయ్య వెడల్పుకు కనీసం రెండింతలు ఉండటం మంచిది. 5 అంగుళాల వెడల్పు కొయ్యకు 10 అంగుళాల కలయిక అవసరమవుతుంది.
4. బయటి ముఖాన కనబడే అతుకు గీత బయటికి, కిందికి వాలి ఉండేటట్లు కోయాలి. వాలు లోపలికి ఉంటే గోడ మీద జారే నీరు అతుకులోకి దిగుతుంది.
5. కొత్త ముక్క అదే జాతి కొయ్యదై, పీచు నిలువుగా, బాగా ఆరి ఉండాలి. దాని అడుగు కోత ముఖానికి, గోడను తాకే ముఖాలకు అమర్చడానికి ముందే రక్షక పూత వేయాలి. గోడను తాకే కొయ్య ముఖాలకు తారు పూయడం పాత కాలం నుండి ఉన్న పద్ధతి. అతుకు ముఖాలకు మాత్రం పూత అంటరాదు, అంటితే బంక పట్టదు.
6. నీటికి చెక్కుచెదరని బంకతో అతికి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి స్క్రూలతో బిగించాలి. వాటి తలలను లోపలికి దించి పైన కొయ్య బిరడాలు వేయాలి. నీటికి కరిగే సాధారణ తెల్ల బంక బయటి పనికి తగదు.
7. తూకపు గుండుతో నిటారు చూసి, బంక గట్టిపడే వరకు కదలకుండా పట్టీలతో బిగించి ఉంచాలి.
8. పాదాన్ని తిరిగి గచ్చులో పూడ్చకూడదు. అడుగున ఒక రాతి పలకను ఉంచి, దాని మీద పాదం నేల మట్టానికి కొద్దిగా పైన నిలిచేటట్లు చేయాలి. తాండూరు బండ, కడప బండ ముక్కలు ఇందుకు సరిపోతాయి.

గడప మార్పు

గడప రెండు చివరలూ నిలువు కొయ్యలతో కుసి కట్టి ఉండటం వలన దానిని విరగకుండా బయటికి లాగలేరు. పాత గడపను మధ్యలో కోసి రెండు ముక్కలుగా తీస్తారు. కొత్త గడపకు చివరల పూర్తి కుసులు పెడితే లోపలికి దూరదు. కాబట్టి ఒక వైపు కుసిని కుదించి పక్క నుండి జరిపి అమర్చి, తరువాత చీలతో బిగిస్తారు. కొత్త గడప పై ముఖం వీధి వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. అడుగున ఇసుక, మట్టి బదులు రాతి పలక ఉండాలి.

తెలుగువారి ఇళ్ళలో గడపను లక్ష్మీ స్థానంగా భావిస్తారు. ఇల్లు కట్టేటపుడు ముహూర్తం చూసి ద్వారబంధాన్ని నిలుపుతారు. ఈ కారణంగా చెడిన గడపను తీయడానికి సంకోచించి, తగిన రోజు కోసం పనిని నెలల తరబడి వాయిదా వేయడం కద్దు. ఆ వ్యవధిలో కూడా నీటిని మళ్ళించి, రంగును గీకి, గడప చివరలను ఆరబెట్టడం వలన కుళ్ళు పాకకుండా ఆపవచ్చును. పాదాల అతుకుకు ద్వారబంధాన్ని గోడ నుండి పెకలించనవసరం లేదు.

కిటికీ అడుగు కొయ్య

కిటికీ అడుగు కొయ్యలో బయటి అంచు మాత్రమే చెడితే ఆ అంచును నిలువునా కోసి కొత్త పట్టీని అతకవచ్చును. ఊచలు దిగిన బెజ్జాలు కుళ్ళితే కొయ్య మొత్తాన్ని మార్చడం మేలు, ఎందుకనగా కిటికీ భద్రత ఆ బెజ్జాల మీదనే ఆధారపడి ఉంటుంది. కొత్త కొయ్యకు ముందు, గోడ మీద, బయటికి వాలే రాతి పలకను అమర్చి, గోడ దాటి పొడుచుకువచ్చిన దాని అంచు అడుగున ఒక గాడి తీస్తే నీరు ఆ గాడి వద్ద తెగి కింద పడుతుంది.

మొత్తం మార్చవలసిన సందర్భాలు

రెండు నిలువు కొయ్యలూ సగం ఎత్తుకు మించి చెడినపుడు, బందులు బిగిసిన చోట కొయ్య మెత్తబడినపుడు, లేదా చెద పై కొయ్య వరకు చేరినపుడు మొత్తం ద్వారబంధాన్ని మార్చడమే శ్రేయస్కరం. స్నానాల గదుల వంటి నిత్యం తడిసే చోట్ల గ్రానైటు, యు.పి.వి.సి. చట్రాలను వాడటం ఇప్పుడు సాధారణమైంది.

కొయ్య ఎంపిక

చెట్టు నడిమి భాగంలోని ముదురు రంగు కొయ్యను చేవ అంటారు. కుళ్ళును, పురుగును తట్టుకునే గుణం చేవకే ఉంటుంది. బెరడు పక్కన ఉండే తెల్లకొయ్య ఏ జాతి చెట్టుదైనా త్వరగా చెడుతుంది. టేకు అని కొన్న కలపలో తెల్లకొయ్య కలిసి ఉంటే ఆ మేరకు టేకు గుణం ఉండదు. టేకు, వేగిస చేవలు ద్వారబంధాలకు పేరుపొందినవి. మద్ది, వేప, తుమ్మ కూడా వాడతారు. మామిడి కొయ్య బయటి ద్వారబంధాలకు పనికిరాదు.

పాత ఇళ్ళను విప్పినపుడు అమ్మే కలప అతుకులకు అనువైనది. అది చాలా ఏళ్ళుగా ఆరి ఉండటం వలన అమర్చిన తరువాత తక్కువగా వంగుతుంది. అందులో విరిగిన మేకులు, పుచ్చు రంధ్రాలు లేకుండా చూసుకోవాలి.

కొయ్య ద్వారబంధాలు, కిటికీ చట్రాల తయారీకి ఐ.ఎస్. 4021, కలప సంరక్షణ పద్ధతులకు ఐ.ఎస్. 401, కలపలో ఉండదగిన తేమకు ఐ.ఎస్. 287 భారత ప్రమాణాలు. చివరిది దేశాన్ని గాలిలోని తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి వేరువేరు పరిమితులను సూచిస్తుంది. బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం కొయ్యలోకి ఇంకి కుళ్ళును, పురుగును అడ్డుకుంటుంది. కాని వాన నీటికి కరిగి పోతుంది కాబట్టి దాని మీద రంగు పూత ఉండి తీరాలి.

రంగు, సందులు

అతుకు పూర్తయిన తరువాత కొయ్య అన్ని ముఖాలకూ ప్రైమరు వేసి, ఆరిన తరువాత రెండు పూతల బయటి రంగు వేయాలి. వార్నిషు వేసిన కొయ్య అందంగా కనిపించినా, అది ఎండకు త్వరగా పొరలు విడిచిపోతుంది కాబట్టి తరచుగా తిరిగి వేయవలసి ఉంటుంది.

చట్రానికి, గోడకు మధ్య ఉన్న చీలికను సిమెంటుతో పూడ్చక, సాగే గుణం గల సీలెంటుతో మూయాలి. పై వైపు, పక్కల సందులను మాత్రమే మూసి, అడుగు సందును తెరిచి ఉంచాలి. ఎక్కడి నుండైనా లోపలికి చేరిన నీరు అడుగు సందు ద్వారా బయటికి పోతుంది. సిలికోన్ సీలెంటు మీద రంగు పట్టదు. రంగు వేయదలచిన చోట పాలీయూరిథేను లేదా ఆక్రిలిక్ సీలెంటును వాడతారు.

జాగ్రత్తలు

పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశంలో ఇళ్ళ రంగులలో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసిన నియమాలు 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగును పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం ప్రమాదకరం. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. వారికి ఇంత వరకు ఫరవాలేదనదగిన పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రంగును తడిపి గీకాలి, కింద పట్టా పరచి రాలిన పొట్టును మూటకట్టి తీసివేయాలి, పని జరిగే చోటికి పిల్లలను, గర్భిణులను రానీయకూడదు.

చెద మందులు, కొయ్య రక్షక ద్రవాలు విషపూరితమైనవి. చేతి తొడుగులు లేకుండా వాడరాదు. బావి దగ్గర, వంట గదిలో వీటిని వాడేటపుడు శిక్షణ పొందినవారిని పిలవడం క్షేమం. చట్రం పక్కన గోడలో కరెంటు తీగలు, కాలింగు బెల్లు తీగలు ఉంటాయి కాబట్టి కోతకు ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి.

చెక్క ఇళ్ళు గల దేశాలలో

ఉత్తర అమెరికాలో ఇళ్ళను ఎక్కువగా చెక్క చట్రాలతోనే కడతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ సమస్య సుపరిచితమే. అక్కడ తలుపు, కిటికీల చుట్టూ బయటి గోడ మీద వెడల్పయిన చెక్క పట్టీలు ఉంటాయి. వాటిని తరచుగా పైను వంటి మెత్తని కొయ్యతో చేస్తారు. అవి కూడా మొదట అడుగు చివరలలోనే కుళ్ళుతాయి. ఇటుక గోడల ఇళ్ళలో కుళ్ళు సాధారణంగా చట్రం వద్ద ఆగుతుంది. చెక్క ఇళ్ళలో పట్టీ వెనుకకు చేరిన నీరు గోడ లోపలి కొయ్యను కూడా కుళ్ళబెట్టగలదు. అందువలన చెడిన పట్టీని ఊడదీసి వెనుక గోడను పరీక్షించడం అక్కడ ముఖ్యమైన మెట్టు. పట్టీల పైన నీటిని బయటికి మళ్ళించే రేకు మడతలు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. అడుగు భాగాలకు కుళ్ళని పి.వి.సి. పట్టీలను కూడా వాడతారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇళ్ళ రంగులలో సీసాన్ని 1978లో నిషేధించారు.

అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ చారిత్రక కొయ్య కిటికీల మరమ్మతుపై 1981లో ఒక కరపత్రాన్ని ప్రచురించింది. అందులో మరమ్మతును మూడు తరగతులుగా విభజించారు: నిత్య నిర్వహణ, చెడుతున్న కొయ్యను స్థిరపరచడం, అతుకులు మరియు భాగాల మార్పు. బాగుచేయదగిన పాత కొయ్యను పారవేయరాదన్నది దాని సారాంశం.

నిర్వహణ

మరమ్మతు చేసిన ద్వారబంధాన్ని ఏడాదికి రెండు సార్లు చూసుకోవాలి. మే నెలలో, తొలకరికి ముందు, రంగు పగుళ్ళను, సీలెంటును, సజ్జ గాడిని సరిచేయాలి. వానలు పూర్తిగా వెనుకపట్టిన తరువాత పాదాలను, గడప చివరలను ఒకసారి పొడిచి చూడాలి. వాకిలి కడిగిన తరువాత గడప చివరలను పొడిగుడ్డతో తుడవడం, మొక్కల కుండీలను చట్రానికి ఆనించి పెట్టకపోవడం, కూలరు నీటికి వేరే గొట్టం అమర్చడం వంటివి ఖర్చు లేని పనులు. రంగు పూత పగిలిన చోట ఆ ఏడే తిరిగి వేయడం వలన, తరువాతి కాలంలో ఉలి పట్టవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇవి కూడా చూడండి

* గడప
* వడ్రంగి
* టేకు
* చెదపురుగు
* మండువా లోగిలి